పిడికెడు పల్లి గింజలు

పోయినేడు కనుమ తెల్లారి బాపు నన్ను చెలకలోకి తీసుకెళ్లాడు. నర్సంపేట తొవ్వలో మాకున్న ఎకరన్నర ఎర్రచెలక అది. యాసంగి పల్లి వేసి ఎనభై రోజులు దాటింది. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది, నాలుగు సాళ్లు దాటేసరికి పిక్కల దాకా తడిసిపోయాను. బాపు వంగి ఓ కొమ్మ తుంచి నా చేతిలో పెట్టాడు.

"కింది నుంచి ఎక్కుతున్నది బిడ్డా, సూడు."

ఆకు తిప్పి చూశాను. అడుగువైపు నల్లటి గుండ్రటి చుక్కలు, వేలితో రాస్తే గరుకుగా తగులుతున్నాయి. ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ అది. ముందుగా వచ్చే ఆకుమచ్చ పంట నెల రోజులప్పుడే మొదలవుతుంది. దాని మచ్చ ఎర్ర గోధుమ రంగులో ఉంటుంది, చుట్టూ పసుపు వలయం ఉంటుంది, తెగులును వ్యాపింపజేసే సిద్ధబీజాలు ఎక్కువగా ఆకు పైవైపు పుడతాయి. రెండూ వేర్వేరు శిలీంధ్రాలు. పుస్తకాల్లో రెండింటినీ కలిపి తిక్క ఆకుమచ్చ తెగులు అని రాస్తారు. బాపుకైతే రెండూ 'మచ్చ'నే.

"ఏం మందు కొట్టినవ్ బాపు?"

ఖాళీ డబ్బా గట్టు మీదే పడి ఉంది. చదివితే పురుగు మందు. మచ్చలు పడ్డాయని ఆకు తీసుకెళ్లి చూపిస్తే దుకాణంలో ఉద్దెరకు ఇచ్చిన మందట. శిలీంధ్రాన్ని అది ఏమీ చేయదు. వీపున పంపు వేసుకొని రెండు పూటలు తిరిగిన మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్న మాట నన్ను ఏడాదంతా వదల్లేదు.

"నువ్వు గక్కడ గిదే పని చేస్తవు గదా. మచ్చ రాని పల్లి తయారు చేస్తమంటివి. ఓ పిడికెడు ఇత్తనం తెస్తే ఏంబోయింది బిడ్డా?"

నేనుండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రం దక్షిణాన టిఫ్టన్ అనే చిన్న ఊళ్లో. ఆ దేశంలో పండే పల్లిలో దాదాపు సగం జార్జియాదే. ఆకుమచ్చను తట్టుకునే వేరుశనగ వంగడాలు తయారు చేసే బృందంలో నాది మొక్కల్ని కలిపే పని. మొదటిసారి ఆ ఊరికి పోయినప్పుడు బస నుంచి పొలందాకా దారంతా రోడ్డు పక్కన ఉడకబెట్టిన పల్లికాయ అమ్మే బండ్లు కనబడ్డాయి. పచ్చికాయను ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, వేడివేడిగా సంచిలో పోసి ఇస్తారు. ఓ సంచి కొని కారులో కూర్చొని మొత్తం తినేశాను. మా అమ్మ కల్లం దగ్గర ఉడకబెట్టేదీ ఇదే. కంట్లో నీళ్లు తిరిగాయి.

నా పని సాయంత్రం మొదలవుతుంది. పల్లి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, విచ్చుకునే లోపే తన పుప్పొడి తనమీదే రాలి పరాగసంపర్కం అయిపోతుంది. వేరే మొక్కతో కలపాలంటే అంతకు ముందే అందుకోవాలి. అందుకని ముందురోజు సాయంత్రం, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి పట్టుకుంటాను. సన్నటి చిమటాతో పెద్ద రేకును వెనక్కి వంచి, లోపల నావలా ముడుచుకున్న రేకును కిందికి లాగి, కేసరాలన్నీ ఒక్కొక్కటే తీసేస్తాను. పుప్పొడి అందుకునే కీలాగ్రానికి గీత పడకూడదు. ఒక్క కేసరం మిగిలినా ఆ గింజ సంకరం కాకపోవచ్చు, తల్లి మొక్కే మళ్లీ పుట్టొచ్చు. తెల్లారి ఆరు, ఏడు మధ్య మగ మొక్క పువ్వు తెచ్చి పుప్పొడిని అద్దుతాను. వారం పది రోజుల్లో అక్కడినుంచి ఊడ, అంటే చివర కాయ కట్టే కాడ, కిందికి దిగడం మొదలవుతుంది. ఊడ మట్టిలోకి పోయిందంటే ఇక ఏ కాయ ఎవరిదో తెలియదు, కాబట్టి ముందే దానికి రంగుదారం కట్టాలి.

మొదటి ఏడాది నేను ఓ బల్ల మీది మొక్కలన్నిటికీ దారం ఆలస్యంగా కట్టాను. కాయలు పీకేనాటికి ఏది కలిపిన పువ్వుదో, ఏది తానుగా కట్టిన కాయో చెప్పలేకపోయాను. ఆ బల్ల మీది గింజలన్నీ వదిలేయాల్సి వచ్చింది. ఒక్క మాట కూడా అనకుండా మా పెద్దాయన కొత్త కుండీలు తెప్పించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఈ పనే చేసే ఆడవాళ్ల చేతుల్ని చదువుకునే రోజుల్లో చూశాను. మాట్లాడుకుంటూనే పువ్వు వెంట పువ్వు విప్పేవాళ్లు. వాళ్లకు ఆ పనిమీద ఉన్న పట్టు నాకు రావడానికి మూడేళ్లు పట్టింది.

సంకరం చేయడం మొదటి మెట్టు మాత్రమే. ఆ గింజను మొలిపించి, దాని గింజల్ని మళ్లీ మొలిపించి, తరాల తరబడి ఏరుకుంటూ పోవాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మందు కొట్టని మడులు ఉంచుతాం. తెగులు ఎంత కావాలంటే అంత రానిస్తాం. అప్పుడు మడి మడికీ తిరిగి 1 నుంచి 10 దాకా మార్కులు వేస్తాం. 1 అంటే మచ్చే లేదు. 10 అంటే మొక్క చచ్చిపోయింది. కండ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతుంటాయి, తడి ఎండ నెత్తి మీద ఉంటుంది, అయినా వంగి కింది ఆకులు లెక్కపెట్టాల్సిందే. తట్టుకోలేని రకం మడిలో అప్పటికి ఆకు ఉండదు, వట్టి కట్టెలు నిలబడి ఉంటాయి. దాని పక్కనే ఇంకో మడి పచ్చగా ఉంటుంది. అది చూసిన ప్రతిసారీ నా గుండె నిండుతుంది.

కానీ ఆ పచ్చటి మడిలోకి పోయి ఆకు తిప్పితే అక్కడా మచ్చలుంటాయి. బాపుకు నేను సరిగా చెప్పలేకపోయింది ఇదే. పల్లిలో మచ్చ రానే రాదు అనదగ్గ నిరోధకత సాగు రకాల్లో లేదు. ఉన్నది ఆలస్యం చేసే గుణం. సిద్ధబీజం ఆకుమీద పడ్డాక మచ్చ కనబడటానికి ఎక్కువ రోజులు పడుతుంది. మచ్చ చిన్నగా ఉంటుంది. దానిమీద కొత్త బీజాలు తక్కువ పుడతాయి. మచ్చలు పడ్డా ఆకు రాలకుండా పట్టుకొని ఉంటుంది. ఒక్కోటి చూస్తే కొంచెమే. కానీ ఈ శిలీంధ్రం ఒక పంటకాలంలో మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది, ప్రతి తిరుగుడులోనూ అది కొన్ని రోజులు వెనకబడితే కాయ నిండే వేళకు ఆకు మిగిలి ఉంటుంది. ఆకు ఉంటేనే గింజ ఊరుతుంది. ఆకు రాలిన మొక్కకు ఊడలు కూడా సత్తువ తప్పుతాయి, పీకితే కాయ మట్టిలోనే ఉండిపోతుంది. పీకినంక పారతో తవ్వి కాయ ఏరుతూ మా అమ్మ నడుం పట్టేసుకున్న ఏళ్లు నాకు గుర్తే.

జార్జియా రైతులు పంట నెల రోజులప్పుడు మొదలుపెట్టి రెండు వారాలకోసారి, ఓ కాలానికి ఏడు సార్ల దాకా శిలీంధ్రనాశినులు కొడతారు. పెద్ద ట్రాక్టరు, పొడుగాటి రెక్కలు, ఎకరాలకు ఎకరాలు గంటలో అయిపోతాయి. తట్టుకునే రకం వేసి, పంట మార్పిడి సరిగా చేస్తే కొన్ని పిచికారీలు తగ్గించుకోవచ్చు. పొలం చూడటానికి వచ్చిన ఓ ముసలి రైతు టోపీ తీసి అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఈ రకంతో ఎన్ని సార్లు మందు మానుకోవచ్చు?" బాపు అడిగేదీ అదే.

మరి పిడికెడు విత్తనం ఎందుకు తేలేదు? చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం సరైనదే. పల్లిలో విత్తనం వెంట వచ్చే వైరస్ తెగుళ్లు ఉన్నాయి. అనుమతి పత్రం లేకుండా, క్వారంటైన్‌లో పరీక్ష లేకుండా సంచిలో వేసుకొచ్చిన గింజ మా ఊరి చెలకలన్నిటికీ కొత్త రోగం అంటించగలదు. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని బాపు వెంటనే పట్టుకున్నాడు. టిఫ్టన్‌లో పుట్టిన 'టిఫ్‌రన్నర్' అనే రకం ఆకుమచ్చను బాగానే తట్టుకుంటుంది, దాని జన్యుక్రమాన్ని 2019లో ప్రచురించారు. కానీ అది తీగ రకం. చేతికి రావడానికి ఐదు నెలలు పడుతుంది.

"ఐదు నెలలా? మన బాయిల నీళ్లు ఫిబ్రవరికే అడుగంటుతయి బిడ్డా."

నాలుగు నెలల లోపు చేతికొచ్చే గుత్తి రకమే మా చెలకకు కావాలి. పైగా వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాయను పగలగొట్టి పప్పు ఎంత పడుతుందో చూసి ధర కడతారు. అడవి జాతుల నుంచి నిరోధకత తెచ్చినప్పుడు దాని వెంట మందపు పొట్టు, ఆలస్యంగా పక్వమయ్యే గుణం కూడా అంటుకొని వస్తాయి. వాటిని విడదీయడానికే మా పనిలో ఎక్కువ ఏళ్లు పోతాయి. పొలంలో పచ్చగా నిలిచిన మొక్క మార్కెట్లో ఓడిపోతే రైతు మళ్లీ దాన్ని వేయడు, వేయమని అడిగే హక్కు నాకు లేదు.

ఆ రాత్రి మంచం మీద కూర్చొని బాపుకు బొలీవియా మొక్క గురించి చెప్పాను. మనం తినే పల్లి రెండు అడవి మొక్కలు కలిసి పుట్టింది, దానికి 40 క్రోమోజోములు. అడవి పల్లికి 20. రెండింటినీ కలిపితే పుట్టేది కంచరగాడిద లాంటిది, గింజ కట్టదు. బొలీవియాలో సేకరించిన కార్డెనాసై అనే అడవి పల్లిని 1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో సాగు పల్లితో కలిపారు. గొడ్డు మొక్క క్రోమోజోముల్ని రెట్టింపు చేసి, 60 క్రోమోజోముల మొక్కను సంపాదించి, తరాలు గడుస్తుంటే అది మళ్లీ 40కి దిగేదాకా ఓపిక పట్టారు. ఆ సంతతి విత్తనాలు దేశాలు తిరిగాయి. కార్డెనాసై రక్తమున్న మొక్కలు పటాన్‌చెరుకొచ్చాయి. ఇక్రిశాట్‌లో అలా వచ్చిన ఒక వంగడాన్ని కర్ణాటకలోని ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో స్థానిక రకంతో కలిపి 'జీపీబీడీ-4' తీశారు. గుత్తి రకం. ఆలస్యపు ఆకుమచ్చనూ తుప్పు తెగులునూ తట్టుకుంటుంది. ఒకే ఒక్క అడవి మొక్క సేకరణ ఇన్ని ఖండాల పల్లిలో కలిసిపోయిందని 2021లో జన్యువుల లెక్క తీసి చూపించారు. అప్పట్లో విత్తనం దేశం దాటడం సులువు. 1993లో జీవవైవిధ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అడవి జాతుల మార్పిడి బాగా తగ్గిపోయింది. పుట్టిన దేశానికి హక్కు ఉండాలన్నది న్యాయమే. కానీ ఆ రాకపోకలు పూర్తిగా ఆగితే రేపటి తెగుళ్లకు మందు ఏ అడవిలో ఉందో తెలిసినా చేతికి రాదు. నాకు ఇదే ఎక్కువ బాధ.

బాపు అంతా విని, "అంటే నేనడిగిన ఇత్తనం నువ్వు పుట్టకముందే పటాన్‌చెరుకొచ్చిందన్నట్టు" అన్నాడు. అవును, అన్నాను. మన ఊరి దాకా రాలేదు, అంతే.

టిఫ్టన్ తిరిగి వచ్చాక ధార్వాడ్‌లో ఉన్న ఓ స్నేహితురాలిని అడిగితే జీపీబీడీ-4 కాయ రెండు కిలోలు బాపుకు పంపింది. దసరా తర్వాత బాపు నాలుగు సాళ్లు వేశాడు, పక్కన తన రకం. రెండింటికీ మందు కొట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను. పోయిన పంట చెత్త ఆ చెలకలోనే ఉంటే తెగులు బీజం అందులో బతుకుతుందని, కట్టెలు ఏరి బయట పడేయమనీ చెప్పాను. అది చేశాడు.

ఇక్కడ చలికాలంలో పని గాజింట్లో. ఉదయం ఏడింటికి పుప్పొడి అద్దుతుంటే మా ఊళ్లో సాయంత్రం ఐదున్నర. నిన్న అప్పుడే ఫోను మోగింది. మగ పువ్వు చేతిలో ఉంది, ఫోను స్పీకరులో పెట్టాను. బక్కెట్ల చప్పుడు, బావి మోటరు చప్పుడు.

"మన సాల్లల్ల కింది ఆకు రాలింది బిడ్డా. ధార్వాడ్ సాల్లల్ల మచ్చలు లెవ్వనను. ఉన్నయి. ఆకు మాత్రం నిలవడ్డది."

"ఒక్కో మొక్కకు ఎన్ని ఆకులు రాలినయి?"

"గది లెక్క వెట్టలే."

"లెక్క పెట్టు బాపు. సాలుకు పది మొక్కలు."

"పెడుత. గని ఒకటి చెప్పు. కాయ పీకినంక గా నాలుగు సాల్లది అమ్మొద్దనుకుంటున్న. ఇత్తనానికి ఉంచుత."

"ముందు తూకం చూడు. పొట్టు చూడు. పప్పు ఎంత పడతదో చూసినంక ఆలోచిద్దాం."

"సూస్త, సూస్త" అన్నాడు. మోటరు బందు చేయాలని ఫోను పెట్టేశాడు. నేను పువ్వు అద్ది, ఎర్రదారం ముక్క కత్తిరించి, కుండీకి తేదీ రాసి, పక్క మొక్క దగ్గరికి జరిగాను.