ఐదు రేకులు, ఒకే కొలత

ఇవాళ సెలవు. పొద్దుటి నుంచి చేసిందల్లా కాగితం చుట్టడమే. క్విల్లింగ్, అంటే సన్న కాగితపు పట్టీలను చుట్టి పువ్వులూ ఆకులూ చేసే పని, మొదలుపెట్టి పదకొండు రోజులైంది. ఇన్నాళ్ళూ చేతికొచ్చినట్టు చుట్టి, గమ్ పెట్టి, అట్ట మీద అతికించుకుంటూ పోయాను. ఇవాళ ఒకటే పని పెట్టుకున్నాను. ఐదు రేకుల పువ్వు చెయ్యాలి, ఐదు రేకులూ ఒకే కొలతలో రావాలి.

చెప్పుకోడానికి పని చిన్నదే. 3 మిల్లీమీటర్ల వెడల్పున్న కాగితపు పట్టీ తీసుకుని, కొసను టూల్ (చివర చీలిక ఉన్న చిన్న పుల్లలాంటి పనిముట్టు) చీలికలో దూర్చి, చివరిదాకా చుట్టి, బయటికి తీసి వదిలెయ్యాలి. చుట్ట దానంతటదే కొంచెం విచ్చుకుంటుంది. అప్పుడు తోకకు, అంటే పట్టీ బయటి కొసకు, గమ్ పెట్టి, ఒక పక్క రెండు వేళ్ళతో నొక్కితే నీటిబొట్టు, రెండు పక్కలా నొక్కితే కన్ను. ఐదు నీటిబొట్ల మొనలు మధ్యలో కలిస్తే పువ్వు.

చిక్కంతా ఆ "వదిలెయ్యాలి" దగ్గరే వచ్చింది. మొదటి చుట్ట బఠాణీ గింజంత ఉండిపోయింది. రెండోది వేళ్ళు తియ్యగానే విచ్చుకుని పెద్ద గుండీ అంతయింది. మూడోది ఆ రెండింటికీ మధ్య. పట్టీలన్నీ ఒకే కట్టలోవి, చుట్టింది నేనే, అయినా ఏ రెండూ ఒకేలా లేవు. చాలాసేపు బల్ల మీద వాటినే చూస్తూ కూర్చున్నాను. కాగితం అంటే నారల అల్లిక. ఎంత చుట్టినా అది మళ్ళీ చాపుకోవాలనే చూస్తుంది. బిగించి చుడితే ఒకలా, వదులుగా చుడితే ఒకలా విచ్చుకుంటుంది. వేళ్ళ బిగువులో నాకే తెలియని తేడాలన్నీ చుట్టలో కనబడుతున్నాయి.

అమ్మ పక్కన కూర్చుని జాకెట్టుకి హుక్స్ కుడుతోంది. కాసేపు నా చేతులు చూసి, "అంత బిగబట్టి పట్టుకుంటావేంటే, వేళ్ళు తెల్లబడిపోతున్నాయి చూడు" అంది. నిజమే. టూల్ తిప్పే చెయ్యి బానే ఉంది, పట్టీని లాగిపట్టుకునే ఎడమ చేతిలోనే ఉంది తేడా అంతా. మొదట గట్టిగా పట్టుకుని, సగం దాటేసరికి అలిసి వదులు చేస్తున్నాను. దారం ఎలా పట్టుకోవాలో అమ్మ చూపించింది: చూపుడు వేలి మీదుగా జారనిస్తూ, బొటనవేలు ఊరికే ఆనించి. అలా పట్టుకుని చుట్టి చూశాను. అన్నీ సమానంగా రాలేదు కానీ తేడా బాగా తగ్గింది.

అప్పుడు గుర్తొచ్చింది, సొరుగులో గుండ్రటి రంధ్రాల ప్లాస్టిక్ స్కేలు ఒకటి ఉండాలి. వెతికి తీశాను. చుట్టిన చుట్టను 15 మిల్లీమీటర్ల రంధ్రంలో పెట్టి వదిలితే గోడ దాకా విచ్చుకుని ఆగిపోతోంది! లోపలుండగానే తోకకు గమ్ పెట్టి, ఆరాక పైకి తీస్తే కొలత మారదు. ఇంత తేలికైన సంగతి పదకొండు రోజుల తర్వాత దొరికినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఒక్కటి మాత్రం తోటివాటి కంటే పల్చగా కనబడింది. బయటి కొలత అంతే, లోపల మెలికలు మాత్రం తక్కువ. పట్టీ కురచగా తెంపానన్నమాట. రంధ్రం కొలతతో పాటు పట్టీ పొడవూ ఒకటే ఉండాలి. 27 సెంటీమీటర్ల దగ్గర స్కేలుపై గీత పెట్టుకుని ఐదూ మళ్ళీ మొదలుపెట్టాను.

తెంపడం అన్నాను, కావాలనే అన్నాను. కత్తెరతో కోస్తే తోక చివర నిటారుగా గీతలా కనబడుతుంది, గమ్ పెట్టినా ఆ మెట్టు పోదు. వేళ్ళతో చింపితే నారలు పల్చబడి కింది పొరలో కలిసిపోతాయి, అతుకెక్కడుందో వెతుక్కోవాలి. గమ్ కూడా సూదిమొనకు అంటినంతే చాలు. నిన్న ఎక్కువై లోపలి మడతల్లోకి పాకింది, ఆ చుట్ట గింజలా గట్టిపడి నొక్కినా వంగలేదు. ఆరాక పైన మెరుస్తూ మరక కూడా మిగిలింది. చీలిక టూల్‌తో ఇంకో ఇబ్బంది. కాగితం దూరిన చోట చిన్న మడత పడి, చుట్ట నడిమధ్యన అలాగే ఉండిపోతుంది. సాదా సూది మీద చుడితే మధ్యలో చక్కటి గుండ్రటి కన్నం వస్తుంది. కాకపోతే పట్టీ కొసను తడివేలితో మెత్తబరిచి మొదటి చుట్టు చెయ్యడానికే నాకు రెండు నిమిషాలు పట్టింది. పువ్వు మధ్యలో పెట్టే మొగ్గను మాత్రం సూది మీదే చుట్టాలని నిర్ణయించుకున్నాను.

మొగ్గ దగ్గర మరో పాఠం. విచ్చుకోనివ్వకుండా బిగించి చుట్టిన 27 సెంటీమీటర్ల పట్టీ సుమారు 7 మిల్లీమీటర్ల అడ్డుకొలతతో వచ్చింది. అది మరీ పెద్దది, సగం కావాలి. పట్టీని సగం చేసి చుట్టాను. 5 వచ్చింది! లెక్క తప్పిందేమోనని మళ్ళీ చుట్టాను, మళ్ళీ 5. నోటుపుస్తకం తీసి ఆలోచించాను. పట్టీ పొడవును కాగితం మందంతో గుణిస్తే వచ్చేది చుట్ట పైముఖం వైశాల్యం. వైశాల్యం సగమైతే అడ్డుకొలత సగం కాదు, సుమారు పది వంతుల్లో ఏడు వంతులు ఉంటుంది. అడ్డుకొలత సగం కావాలంటే పట్టీ నాలుగో వంతుండాలి. పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి కొలిస్తే మందం 0.15 మిల్లీమీటర్లు తేలింది, దాంతో లెక్క సరిపోయింది. ఏడు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా చింపి చుట్టితే అనుకున్న మొగ్గ వచ్చింది. బళ్ళో వృత్త వైశాల్యం బట్టీపట్టినప్పుడు దాన్ని ఇలా వేళ్ళ మధ్య పట్టుకుంటానని అనుకోలేదు.

సాయంత్రం గమ్ ఆరేలోగా ఈ పని చరిత్ర కాస్త చదివాను. ఇంగ్లీషులో క్విల్ అంటే ఈక కాడ, పట్టీలను దాని మీదే చుట్టేవారు కాబట్టి ఆ పేరు. యూరప్‌లోని మఠాల్లో సన్యాసినులు పుస్తకాల బంగారు అంచుల నుంచి కోసిన సన్న ముక్కలను చుట్టి పవిత్ర వస్తువుల పెట్టెలనూ పుస్తకాల అట్టలనూ అలంకరించేవారట. దూరం నుంచి చూస్తే బంగారు తీగపని అనిపించాలని. 18వ శతాబ్దానికి ఇంగ్లండులో సంపన్న ఇళ్ళ ఆడవాళ్ళ వ్యాపకమైంది. రాజు మూడో జార్జి కూతురు ఎలిజబెత్‌కు 1791లో ఒక ఫర్నిచర్ తయారీదారు ఈ పని కోసం పెట్టెనూ, కాగితాలనూ ఔన్సుల లెక్కన అందించాడు. కాగితాన్ని తూకమేసి కొనడం అన్న సంగతి నాకు భలే నచ్చింది. నా చేతిలో ఉన్న ప్లాస్టిక్ స్కేలు వాళ్ళకు లేదు. ఆ పనులు నేటికీ మ్యూజియంలలో ఉన్నాయి. ఆ ముక్కల ఫోటో పెద్దది చేసి, ఒక్కో చుట్ట దగ్గరా ఆగి చాలాసేపు చూశాను.

రాత్రి ఎనిమిదికి నాలుగు రేకులు సిద్ధం. ఐదోది అమ్మ చుడతానంది. స్కేలు వద్దంది. చుట్టి, బల్ల మీద వదిలి, విచ్చుకున్నాక ఒక్కసారి చూసి గమ్ పెట్టేసింది. తీసుకెళ్ళి 15 రంధ్రంలో పెట్టి చూశాను. చుట్టూ వెంట్రుకంత సందు మాత్రమే ఉంది. "రోజూ సూదితో పనేగా" అంది, మళ్ళీ హుక్స్‌కు వెళ్ళిపోయింది.

అమ్మ చేసిన రేకును పైన, మొగ్గకు ఎదురుగా పెట్టాను. మొనలు కలిసే చోట పిన్నులు గుచ్చి ఆరబెట్టాను. రేపు ఆకులు, 20 రంధ్రంలో, కన్ను ఆకారం. ఆకుపచ్చ పట్టీలు ఆరు చింపి కవర్లో పెట్టుకున్నాను. అన్నీ 27 సెంటీమీటర్లే.