ముగింపు ముందే తెలిసిన ధారావాహిక

మన పాఠశాల గ్రంథాలయంలో అగాథా క్రిస్టీ నవలలున్న బీరువా తాళం చెవి ఆంగ్లోపాధ్యాయుని దగ్గరే ఉండేదన్న సంగతి మా తరగతి వారందరికీ గుర్తుండే ఉంటుంది. ఆయన ఒక నవలను తరగతిలో కొన్ని వారాల పాటు చదివి వినిపించేవారు. చివరి అధ్యాయం ముందు పుస్తకం మూసేసి, హంతకులెవరని మేము అనుకుంటున్నామో కారణంతో సహా చీటీ మీద రాసి ఇమ్మనేవారు. పేరు సరిగ్గా రాసి కారణం చెప్పలేనివారిని ఆయన పెద్దగా పట్టించుకునేవారు కాదు. పేరు తప్పినా ఆధారాలను వరుసగా పేర్చి చూపినవారి చీటీని మాత్రం పైకి చదివి వినిపించేవారు. ఆ చీటీల అలవాటు నుంచి పుట్టిన మా చిన్న బృందం బడి వదిలిన తర్వాత కూడా చెదరలేదు. క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ ప్వారో కథలతో తీసిన ‘అగాథా క్రిస్టీస్ ప్వారో’ అనే బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ముగింపుకు వస్తున్న 2012, 2013 సంవత్సరాల్లో మేము కలిసిన ప్రతిసారీ ఎంత పట్టుదలగా వాదించుకున్నామో ఈ సంచికలో రాయడానికి కారణం కూడా ఆ చీటీలే.

ఆ ధారావాహికను చూడనివారి కోసం కొంత చెప్పాలి. బ్రిటన్‌లోని ఐటీవీ ఛానల్‌లో 1989 జనవరి 8న మొదటి భాగం ప్రసారమైంది. ఒక సామాన్య గృహిణి తన ఇంటి వంటమనిషి కనిపించడం లేదని వచ్చి చెబితే, అంత చిన్న విషయం తన స్థాయికి తగదని మొదట అనుకున్న ప్వారో, ఆమె మాటలకు సిగ్గుపడి ఆ పని ఒప్పుకునే కథ అది. అప్పటికి ప్వారో పాత్రధారి డేవిడ్ సూషేకి 42 ఏళ్లు. 2013 నవంబరు 13న డెబ్బయ్యో భాగంతో, పదమూడో సిరీస్‌తో అది ముగిసేనాటికి ఆయనకు 67 ఏళ్లు. ఆ మధ్య కాలంలో క్రిస్టీ ప్వారో మీద రాసిన 33 నవలలూ, దాదాపు అన్ని కథలూ తెరకెక్కాయి. ఒక పాత్ర కథలన్నిటినీ ఒకే నటుడు, పాతికేళ్లకు దగ్గరగా, ఒకే నిష్ఠతో పూర్తి చేయడం టెలివిజన్‌లో చాలా అరుదు. సూషే ఆ పాత్ర లక్షణాలను పుస్తకాల నుంచి ఏరి 93 అంశాల పట్టిక రాసుకున్నారు. ప్వారో బెల్జియం వాడే గాని ఫ్రెంచివాడు కాడన్నది అందులో మొదటిది. కాఫీలో ఎన్ని చక్కెర బిళ్లలు వేసుకుంటాడో, ఎప్పుడు ఒకటి ఎక్కువ వేసుకుంటాడో కూడా అందులో ఉంది. మా బృందంలో లెక్కల మనిషిగా పేరుపడ్డ మిత్రుడు ఆ పట్టికను దగ్గర పెట్టుకుని కొన్ని భాగాలను మళ్లీ చూసి, నటుడు తన మాటకు ఎంత కట్టుబడ్డాడో మాకు చూపించాడు.

సాధారణంగా ఒక ధారావాహిక ముగింపుకు వస్తోందంటే, కథ ఎటు పోతుందో, ఎవరు మిగులుతారో అని అభిమానులు ఊహించుకుంటారు. మాకు ఆ అవకాశం లేదు. ప్వారో చివరి కథ ‘కర్టెన్’ను క్రిస్టీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టారు. అది 1975లో అచ్చయింది. ఆ ఏడాది ఆగస్టు 6న న్యూయార్క్ టైమ్స్ ప్వారో చనిపోయాడంటూ, ఒక కల్పిత పాత్రకు మొదటి పేజీలో మరణవార్త ప్రచురించింది. అంటే ధారావాహిక మొదలు కాకముందే దాని ముగింపు లోకానికంతా తెలుసు. మేమూ ఆ నవలను బడి రోజుల్లోనే చదివాం. అందువల్ల మా చర్చ ఏం జరుగుతుందన్న దాని మీద ఎప్పుడూ సాగలేదు. దాన్ని ఎలా చూపిస్తారు, చూపించాలా వద్దా, చూపిస్తే ఇన్నాళ్లూ మేము ప్రేమించిన మనిషి మాకు మిగులుతాడా అన్న ప్రశ్నలే మమ్మల్ని విడదీశాయి.

బృందంలో ఇద్దరు ముగ్గురు చివరి కథ తీయకపోతేనే మంచిదని గట్టిగా అన్నారు. వారికి ప్వారో అంటే తొలి భాగాల ప్వారో: క్రిస్టోఫర్ గన్నింగ్ కూర్చిన శాక్సఫోన్ బాణీ, 1930ల నాటి గీతల్లాంటి కట్టడాలు, లండన్‌లో ఫ్లోరిన్ కోర్ట్ అనే భవనాన్ని ప్వారో నివాసమైన వైట్‌హేవెన్ మాన్షన్స్‌గా చూపించిన ఆ గుండ్రని ముఖభాగం, మిత్రుడు హేస్టింగ్స్ అమాయకత్వం, పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్ విసుగు, కార్యదర్శి మిస్ లెమన్ దస్త్రాల క్రమం. హ్యూ ఫ్రేజర్, ఫిలిప్ జాక్సన్, పౌలీన్ మోరన్ పోషించిన ఆ ముగ్గురూ ఉన్నంత కాలం హత్యల మధ్య కూడా ఆ ఇంట్లో ఒక కుటుంబం ఉన్నట్టు అనిపించేది. 2003 నుంచి చాలా ఏళ్లు ఆ ముగ్గురూ కనబడలేదు. ఆ బాణీ భాగాల ఆరంభంలో వినిపించడం మానేసింది, వెలుగు తగ్గింది, నవ్వు తగ్గింది. ప్వారో ఒంటరివాడయ్యాడు. ఇది నిర్మాతల పొరపాటేనని, చివరి సిరీస్‌లోని అయిదు చిత్రాలూ ఆ దారినే పోతాయని వారి బాధ.

నా అభిప్రాయం వేరు. 2003లో వచ్చిన ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ చూసినప్పుడే ఈ ధారావాహిక తన చివరి కథకు సిద్ధపడుతోందని నాకు అనిపించింది. ఎన్నో ఏళ్ల కిందటి హత్యను, అప్పుడు అక్కడ ఉన్న అయిదుగురి జ్ఞాపకాల ద్వారా మాత్రమే విప్పే కథ అది. పరుగులు లేవు. ఒకే సంఘటనను అయిదుగురు అయిదు విధాలుగా గుర్తుపెట్టుకుంటే, ఆ తేడాలలోంచే నిజం బయటపడుతుంది. మా ఉపాధ్యాయుడు చీటీల మీద అడిగినది ఇదే. పైగా అక్కడ నిజం తెలిసినా శిక్షించడానికి చట్టం చేతిలో తగిన సాక్ష్యం ఉండదు. నేరం తెలిసీ న్యాయం జరగని చోట ప్వారో ఏం చేస్తాడన్న ప్రశ్న అప్పటి నుంచి బరువెక్కుతూ వచ్చిందని నేను నమ్ముతాను.

ఆ ప్రశ్న మీద అసలు గొడవ 2010లో ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ చిత్రంతో మొదలైంది. చట్టం నుంచి తప్పించుకున్న ఒక హంతకుణ్ణి పన్నెండు మంది కలిసి శిక్షించే కథ అని అందరికీ తెలిసిందే. నవలలో ప్వారో రెండు పరిష్కారాలు చెప్పి తేలికగా తప్పుకుంటాడు. సూషే ప్వారో అలా తప్పుకోడు. రైలు పెట్టెలో చలికి వణుకుతున్న ఆ పన్నెండుగురి మీద, చట్టాన్ని చేతిలోకి తీసుకుంటే మనం మళ్లీ అనాగరిక కాలానికే పోతామన్న అర్థంలో విరుచుకుపడతాడు. చివరికి వారిని వదిలేసి, జపమాల చేతిలో బిగించి, కళ్లలో నీళ్లతో మంచులో నడిచి వెళ్లిపోతాడు. న్యాయవాద వృత్తిలో ఉన్న మా మిత్రుడికి ఆ దృశ్యం అసలు నచ్చలేదు. పాఠకుడికి హాయిగా వదిలేసిన దాన్ని ఇంత వేదన చేయడం మూలానికి ద్రోహమని అతని వాదన. వైద్యురాలైన మా మిత్రురాలు మాత్రం ఆ కన్నీళ్లు లేకపోతే ‘కర్టెన్’ నిలబడదని ఆ రోజే చెప్పింది. మూడేళ్ల తర్వాత ఆమె మాటే నిజమైందని నేను అంటాను.

ఇక్కడ చివరి కథ విప్పక తప్పదు. చదవనివారు రెండు పేరాలు దాటి వెళ్లవచ్చు.

‘కర్టెన్’లో ప్వారో, హేస్టింగ్స్ తమ మొదటి కథ జరిగిన స్టైల్స్ భవనంలోనే మళ్లీ కలుస్తారు. ఆ మొదటి నవల 1920లో వచ్చింది. ఇప్పుడా భవనం అతిథి గృహమైంది, ప్వారో చక్రాల కుర్చీలో ఉన్నాడు. అక్కడ నార్టన్ అనే సౌమ్యుడైన మనిషి ఉంటాడు. అతను ఎవరినీ తాకడు. ఎవరి మనసులో ఏ పగ నిద్రపోతోందో కనిపెట్టి, ఒక మాట ఇక్కడ, ఒక జాలి చూపు అక్కడ వదిలి, ఎదుటివాళ్ల చేత హత్యలు చేయిస్తాడు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లోని ఇయాగో లాంటివాడని కథలోనే వస్తుంది. ఏ న్యాయస్థానమూ అతన్ని దోషిగా నిలబెట్టలేదు. చివరికి హేస్టింగ్స్ కూడా తన కూతురి విషయంలో హత్యకు సిద్ధపడేంత వరకు వస్తాడు. అప్పుడు ప్వారో నార్టన్‌ను తానే కాల్చి చంపుతాడు, తన మందును తనకు అందకుండా పెట్టుకుని మరణిస్తాడు. హత్యను నేనెప్పుడూ ఆమోదించనని జీవితమంతా చెప్పిన మనిషి చేసిన పని అది.

మా న్యాయవాది మిత్రుడు దీన్ని పాత్ర పతనం అన్నాడు. చట్టానికి దొరకని మనిషిని చంపవచ్చని ఒప్పుకుంటే, రైలులోని పన్నెండుగురిని అంతగా తిట్టే హక్కు ప్వారోకు ఎక్కడిదని అడిగాడు. అది బలమైన ప్రశ్న, దాన్ని మేమెవ్వరం తోసిపుచ్చలేదు. కానీ ప్వారో ఆ పన్నెండుగురి కంటే ఒక అడుగు ముందుకు వెళ్లాడని నేను అనుకుంటాను. వాళ్లు శిక్ష విధించి తిరిగి తమ జీవితాల్లోకి వెళ్లిపోయారు. ప్వారో తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు, క్షమాపణ అడిగాడు గాని సమర్థన ఇచ్చుకోలేదు. ఇంకొక వివరం మా బృందంలో అందరినీ కదిలించింది. తూటా గాయం నుదుటికి సరిగ్గా మధ్యలో ఉంటుంది. రెండు గుడ్లు ఒకే పరిమాణంలో లేకపోతే ఫలహారం ముట్టని మనిషి, బల్ల మీద వస్తువు ఒక వైపుకు ఒరిగితే సరిచేయకుండా ఉండలేని మనిషి, హత్యలో కూడా కొలత తప్పలేకపోయాడు. పాతికేళ్ల పాటు నవ్వు తెప్పించిన ఒక అలవాటు చివరికి అతని సంతకంగా, అతన్ని పట్టించే ఆధారంగా మారింది. ఆ గుడ్ల ముచ్చటను, ఆ సర్దుళ్లను ఏళ్ల తరబడి చూసినవారికే ఈ ఆధారం పూర్తిగా అందుతుంది. సుదీర్ఘ ధారావాహికకు మాత్రమే సాధ్యమయ్యే బలం ఇదేనని నా నమ్మకం.

చిత్రీకరణ క్రమం గురించి కూడా చాలా మాట్లాడుకున్నాం. చివరి అయిదింటిలో ‘కర్టెన్’ను ముందుగా తీశారు. మరణశయ్య మీది ప్వారోతో సెలవు తీసుకోవడం ఇష్టంలేక సూషే కోరిన క్రమం అది. ఆ పాత్ర కోసం ఆయన బరువు తగ్గారు, ఎప్పుడూ లోపల కట్టుకునే మెత్తలు తీసేశారు. అన్నిటికంటే చివర తీసినది ‘డెడ్ మాన్స్ ఫాలీ’. దాని చిత్రీకరణ ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, డార్ట్ నది ఒడ్డున ఉన్న క్రిస్టీ సొంత వేసవి గృహం గ్రీన్‌వేలో జరిగింది. నిండు ఆరోగ్యంతో ఉన్న ప్వారోగా, ఆ పాత్రను సృష్టించిన రచయిత్రి ఇంటి ముందు ఆయన తన పని ముగించారు. ‘ది బిగ్ ఫోర్’లో హేస్టింగ్స్, జాప్, మిస్ లెమన్ మళ్లీ వచ్చారు. కథగా అది అయిదింటిలోనూ బలహీనమైనదేనని అందరం ఒప్పుకున్నాం. అయినా ఆ ముగ్గురినీ ఒకే గదిలో చూసినందుకు, చివరి కథ తీయవద్దన్న మిత్రులు కూడా సంతోషించారు.

ఇంగ్లండులో స్థిరపడిన మిత్రురాలు ‘కర్టెన్’ను ప్రసారమైన రాత్రే చూసింది. మేము డిస్కులు చేతికొచ్చే దాకా ఆగాం. కథ తెలిసినదే అయినా, సూషే ఎలా నటించారని మేమూ అడగలేదు, ఆమే చెప్పలేదు. తర్వాత అందరం కలిసి చూసిన రోజున న్యాయవాది మిత్రుడు తన అభిప్రాయం మార్చుకోలేదు. కానీ ప్వారో మరణించే దృశ్యాన్ని మళ్లీ వేయమని అడిగినవాడు అతనే.

ఇప్పటి విద్యార్థులలో ఎవరికైనా ఈ ధారావాహిక మీద ఆసక్తి కలిగితే నాదొక సూచన. డెబ్బయి భాగాలూ వరుసగా చూసే ఓపిక లేకపోతే, 1989 నాటి వంటమనిషి కథతో మొదలుపెట్టి, తొలి సంవత్సరాల పొట్టి కథలు కొన్ని తీరికగా చూడండి. వాటిని తేలిక కథలని దాటవేయవద్దు, ఆ మనిషి అలవాట్లన్నీ అక్కడే పరిచయమవుతాయి. తర్వాత ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’, ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ చూసి, ‘కర్టెన్’ నవలను ముందు చదివి, ఆ పైన చిత్రం చూడండి. ‘డెడ్ మాన్స్ ఫాలీ’ని దాని తర్వాతే పెట్టుకోండి. ప్రసార క్రమానికి అది విరుద్ధమే, కానీ నటుడు నడిచిన క్రమం అదే. ఈ విషయంలో మాత్రం మా బృందంలో రెండో అభిప్రాయం లేదు.