ఎవరు ఏమిటో కలెక్టరు తేల్చాలా?

ఒక వ్యక్తి తన జెండర్ ఫలానా అని చెబితే ప్రభుత్వం ఆ మాటను నమోదు చేసుకుంటే సరిపోతుందా, లేక రుజువు అడగాలా అన్న వివాదానికి సుప్రీంకోర్టు, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో, 2014 ఏప్రిల్ 15న సమాధానం చెప్పింది. స్త్రీగానో, పురుషుడిగానో, మూడవ జెండర్‌గానో తమను తాము గుర్తించుకునే హక్కు ఆ వ్యక్తులదేననీ, అందుకు శస్త్రచికిత్స జరిగి ఉండాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమనీ జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం తేల్చింది.

అయినా 2018 డిసెంబరులో లోక్‌సభ ఆమోదించిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల బిల్లులో, దరఖాస్తుదారులు ట్రాన్స్‌జెండర్లా కాదా అని పరిశీలించడానికి జిల్లా స్క్రీనింగ్ కమిటీని పెట్టారు. దేశవ్యాప్తంగా నిరసనలు వచ్చాక, చివరికి వచ్చిన 2019 చట్టంలో ఆ కమిటీ కనిపించలేదు. స్వయంగా భావించుకున్న జెండర్ గుర్తింపు హక్కును ఆ చట్టం 4వ సెక్షన్‌లో ఒప్పుకుంది. అఫిడవిట్ ఇస్తే, ఏ వైద్య పరీక్షా లేకుండా, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, ధ్రువపత్రం ఇవ్వాలని ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు చెప్పాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పత్రం మీద ట్రాన్స్‌జెండర్ అని మాత్రమే ఉండేలా పెట్టారు. స్త్రీ అనో పురుషుడు అనో రాయించుకోవాలంటే 7వ సెక్షన్ కింద శస్త్రచికిత్స చేయించుకుని, వైద్యాధికారి పత్రం తీసుకుని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. 4వ సెక్షన్ ఇచ్చిన దాన్ని 7వ సెక్షన్ సగం వెనక్కు తీసుకుందని నేను అనుకుంటున్నాను.

స్వీయ ప్రకటన చాలంటే దుర్వినియోగం జరుగుతుందని కొందరు అంటారు. అబద్ధపు అఫిడవిట్‌కు శిక్ష వేయడానికి చట్టాలు ఎప్పటినుంచో ఉన్నాయి. పైగా అద్దెకు ఇల్లు కూడా దొరకనివ్వని ఈ గుర్తింపును లాభం కోసం తగిలించుకునేవారు ఎందరుంటారో ఆలోచించాలి. ఖైదీలను ఏ జైలులో ఉంచాలి, క్రీడాకారులు ఏ విభాగంలో ఆడాలి వంటి ప్రశ్నలు నిజమైనవే. వాటికి ఆయా చోట్ల నియమాలు పెట్టుకోవచ్చు, కానీ వాటి పేరు చెప్పి రేషన్ కార్డు మీద పేరు పక్కన ఏముండాలో నిర్ణయించడానికి ఆపరేషన్ చీటీ అడగడం న్యాయం కాదు.

ప్రభుత్వానికి ఇంత అధికారం ఇవ్వడానికి నేను వెనుకాడటానికి హైదరాబాదు చరిత్ర కూడా ఒక కారణం. నిజాం కాలంలో, అప్పటి ఫస్లీ క్యాలెండర్ ప్రకారం 1329లో, అంటే 1919లో వచ్చిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు నిర్వహించమంది. వారు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. శతాబ్దం దాటాక, 2023 జూలైలో, తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛన్లను ట్రాన్స్‌జెండర్లకూ వర్తింపజేయమని అదే తీర్పులో ఆదేశించింది. పింఛను రావాలంటే మళ్లీ ప్రభుత్వ జాబితాలో పేరు ఉండాల్సిందే. అందుకే ఆ పేరు పక్కన ఏం రాయాలో చెప్పే హక్కు దరఖాస్తు పెట్టినవారికే వదిలేయాలనీ, 7వ సెక్షన్‌లోని శస్త్రచికిత్స షరతును తొలగించాలనీ నేను కోరుతున్నాను.