తులసి కుండీ కింద పళ్ళెం

మా లిఫ్టు పక్కన కట్టిన డెంగీ బ్యానర్ గత వారం పసుపు నుంచి ఎరుపుకి మారింది. సింగపూర్‌లో ఉండేవాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల కేసులు పదికి లోపు ఉంటే పసుపు, పదికి చేరితే ఎరుపు.

భీమవరం నుంచి వచ్చి నెలయిన మా అత్తయ్యగారు ఆ దోమ బొమ్మ చూసి నవ్వారు. "అసలు దోమేదమ్మాయ్ ఇక్కడ? వచ్చిన దగ్గర్నుంచీ నేను ఒక్కదాన్ని కొట్టలేదు."

నిజమే. కానీ అక్కడ మురుక్కాలువ దోమ చీకటి పడ్డాక చెవిలో గుయ్యిమంటూ వస్తుంది. డెంగీని మోసే ఈ ఏడిస్ దోమ మంచినీళ్ళలో పుట్టి, చప్పుడు లేకుండా పగలు కుడుతుంది. 2020లో లాక్‌డౌన్ అని అందరం పగలంతా కొంపల్లోనే ఉన్నాం కదా, దానికి పండగ. ఆ ఏడు 35 వేలకి పైగా కేసులు, ఇక్కడ అదే రికార్డు. అందులో మా ఆయన ఒకరు. కోవిడేమోనని మూడు రోజులు వేరే గదిలో ఉంచి, గుమ్మం దగ్గర చారన్నం పెట్టొచ్చాను. తీరా చూస్తే డెంగీ. ప్లేట్‌లెట్లు 48 వేలకి దిగాయి. బొప్పాయాకు రసం తాగించమని ఇండియా నుంచి ఒకటే ఫోన్లు. తొమ్మిదో అంతస్తులో బొప్పాయాకు ఎక్కణ్ణుంచి తేను?

పాపం లాక్‌డౌన్ ఒక్కదానిదే కాదు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. 2013లో 22 వేల కేసులప్పుడు ఒకటో రకానిది పైచేయి, తర్వాత కొన్నేళ్ళు రెండోది. 2020లో పుంజుకున్న మూడోది 2022లో మళ్ళీ 32 వేలు దాటించింది. ఒక రకం వచ్చిపోతే అది మామూలుగా తిరిగి రాదు, మిగతా మూడూ రావచ్చు. రెండోసారి వస్తే ప్రమాదం ఎక్కువ. అందుకే మా ఆయన ఈగని చూసినా ఉలిక్కిపడతారు.

నాకు వింతగా అనిపించేది వేరే ఉంది. 1970ల్లోనే ఇక్కడ ఏడిస్ పెరిగే ఇళ్ళు వందకి రెండు దాకా తగ్గిపోయాయి. ఓ పదిహేనేళ్ళు జనం హాయిగా ఉన్నారు. ఆ తర్వాత జ్వరం మళ్ళీ అందుకుంది. డెంగీ ఎరగకుండా పెరిగిన తరానికి ఒంట్లో రక్షణ లేదు, అలాంటివాళ్ళ మధ్య కొద్దిపాటి దోమలు చాలు.

"అయితే ఇంకొన్ని దోమల్ని పెంచాలంటావా?" అన్నారు అత్తయ్యగారు.

ఆ పనీ చేస్తున్నారు! 2016 నుంచి వొల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న మగదోమల్ని వదులుతున్నారు. మగవి కుట్టవు. వాటితో జతకట్టిన ఆడదోమ పెట్టిన గుడ్లలోంచి పిల్లలు రావు. ఆవిడ నమ్మలేదు.

నిన్న తనిఖీకి వచ్చినాయన టార్చి వేసుకుని తిన్నగా బాల్కనీలో తులసి దగ్గరికే వెళ్ళాడు. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు. రోజూ పొద్దున అత్తయ్యగారు పోసేవే. అందులోంచి నాలుగు పురుగుల్ని చిన్న గొట్టంలోకి పీల్చి చూపించాడు, మెలికలు తిరుగుతూ. జరిమానా రెండు వందల డాలర్లట.

అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ గొట్టాన్ని చాలాసేపు చూశారు. "ఇవి భీమవరానివి కావని ఆయనకి చెప్పమ్మాయ్" అన్నారు.