అది అత్త పెళ్ళి ఫొటో కాదు

మా మామ్మ ట్రంకుపెట్టెలో దొరికిన ఆ ఫొటో అరచేతిలో సగం కూడా ఉండదు. నలుచదరం, అంచులు రంపపు పళ్ళలా కత్తిరించి ఉంటాయి. వెనక ఒక్క అక్షరం లేదు. ఎప్పుడో ఆల్బమ్‌లో అంటించి పీకిన జిగురు మరక మాత్రం ఉంది. మధ్యలో మా మేనత్త, ఆమె పక్కన మావయ్య. వెనక మా పాత పెంకుటిల్లు, గుమ్మానికి మామిడాకుల తోరణం. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్ళో ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

ఇదే ఫొటోని పెద్దది చేయించి విశాఖలో అత్త వాళ్ళ హాల్లో గోడకి పెట్టుకున్నారు. "అమ్మానాన్నల పెళ్ళి ఫొటో" అని అత్త కూతురు, మా వదిన, అందరికీ చూపించేది. అత్త పోయాక సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేయించాలనుకున్నారు. ఫొటోల కింద పేర్లు, సందర్భాలు రాసే పని నాకు అప్పజెప్పారు. అందుకే అసలు ప్రింటు కోసం వెతికాను. అది చేతికొచ్చాక పెళ్ళి అన్న మాట నాకు మింగుడు పడలేదు.

మొదట బట్టలు చూశాను. మా వైపు పెళ్ళిలో పీటల మీద మధుపర్కాలు ఉండాలి, నుదుట బాసికం ఉండాలి. అత్త కట్టుకున్నది ముదురు రంగు గళ్ళ చీర. మెడలో నల్లపూసలు కొత్తవిలా లేవు, సూత్రంతో కలిసి ఒక పక్కకి జారి ఉన్నాయి, రోజూ వేసుకుని తిరిగే మనిషికి ఉన్నట్టు. మావయ్య చొక్కా మోచేతుల దాకా మడిచి ఉంది. పెళ్ళికొడుకు అలా నిలబడడు.

తర్వాత ఫొటో సైజు. ఆ రోజుల్లో స్టూడియో వాళ్ళు పెళ్ళికి వచ్చి తీస్తే పెద్ద ప్రింటు వేసి, దళసరి అట్టకి అంటించి, మూల మీద స్టూడియో ముద్ర కొట్టి ఇచ్చేవారు. ఇది అలాంటిది కాదు. నూట ఇరవై నంబరు ఫిల్ములో కొన్ని కెమెరాలకి ఆరు సెంటీమీటర్ల చదరపు నెగటివ్ వస్తుంది. దాన్ని పెద్దది చేయకుండా నేరుగా కాగితం మీద పెట్టి తీసిన ప్రింటు ఇది. అప్పట్లో మధ్యతరగతి ఇళ్ళలో ఉండే ఆగ్‌ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలు ఇలాంటి ఫొటోలే తీసేవి, ఒక్కో రీలుకి పన్నెండు. అంటే ఇది తీసింది ఇంటికొచ్చిన చుట్టమో స్నేహితుడో. పెళ్ళికి తీయకూడదని కాదు, కానీ అనుమానం ఇంకాస్త బలపడింది.

స్కానర్‌లో పన్నెండు వందల డీపీఐ పెట్టి స్కాన్ చేశాను. ఫోనుతో తీస్తే ఆ మెరిసే కాగితం మీద లైటు పడి నల్లటి చోట్లన్నీ ముద్దగా వస్తాయి. స్కాన్‌ని స్క్రీన్ మీద పెంచి, మనుషుల మొహాల్ని వదిలేసి చుట్టూ ఉన్న వస్తువుల్ని చూడడం మొదలుపెట్టాను. నాకు ఈ ఫొటో మీద ఇంత పట్టుదల అక్కడే మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో అందరూ ఆ రెండు మొహాలే చూశారు. వాటి వెనక ఉన్నది ఎవరూ చూడలేదు.

కుడి పక్కన పాక ముందు వెదురు గెడలకి ఏదో వేలాడుతోంది. జుట్టులాగా, తెల్లగా, నేల దాకా. గోగునార! మా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. తొలకరి వానలకి గోగు వేస్తారు, పూత వచ్చే వేళకి కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరేస్తారు, కుళ్ళాక నార తీసి, కడిగి, గెడల మీద ఆరేస్తారు. నెల్లిమర్లలో, విజయనగరంలో జూట్ మిల్లులు ఉండబట్టి మా ఊళ్ళో ప్రతి రైతుకీ కొంత గోగు ఉండేది. ఆ ఊరేసిన చెరువు కంపు చిన్నప్పుడు బడికి వెళ్ళే దారంతా ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే అది కూడా బాగానే అనిపిస్తుంది. నార ఆరేసే కాలం దసరా, దీపావళి రోజులు. అత్త శుభలేఖ మావయ్య బీరువాలో ఉంది. దాంట్లో ప్లవంగ నామ సంవత్సరం ఫాల్గుణ మాసం అని ఉంది, అంటే 1968 మార్చి. మార్చిలో గోగునార ఆరదు. (శుభలేఖ మీద మా ఊరి కింద విశాఖపట్నం జిల్లా అని చూసి మా అబ్బాయి తప్పు అచ్చయిందనుకున్నాడు. విజయనగరం జిల్లా ఏర్పడిందే 1979 జూన్ 1న. దానికి ముందు మా వైపంతా విశాఖపట్నం జిల్లాయే.)

ఇక గోడ మీద, గుమ్మం పక్కన, ఒక చిన్న గడి కనిపించింది. అందులో అంకెలు. మలేరియా వాళ్ళు డీడీటీ కొట్టడానికి, జ్వరాలున్నాయేమో చూసి రక్తం తీసుకోవడానికి ఇంటింటికీ తిరిగి, వచ్చిన తేదీ గోడ మీద వేసి వెళ్ళేవారు. జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది, అప్పటినుంచి ఊళ్ళలో గోడల నిండా ఈ తేదీలే. స్కాన్‌లో నలుపు తెలుపుల తేడా పెంచి చూస్తే చివరి రెండు అంకెలు 69 అని తెలిశాయి. అంటే పెళ్ళయిన ఏడాదిన్నరకి, దసరా రోజుల్లో తీసిన ఫొటో. ఇంతవరకూ వచ్చాక సందర్భం ఏమిటో తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

మా మామ్మ చెల్లెలు, చిన్నమామ్మ, చీపురుపల్లిలో ఉంటుంది. ఎనభై దాటాయి, ఒక కంటికి చూపు బాగా తగ్గింది. ఆవిడకి ఫొటో మొత్తం చూపించి "ఇది అత్త పెళ్ళేనా?" అని అడగదలుచుకోలేదు. అలా అడిగితే పెద్దవాళ్ళు మనం అన్న పెళ్ళి గురించే చెబుతారు. భోజనాల్లో ఏం వడ్డించారో కూడా గుర్తు తెచ్చుకుంటారు. అందుకని అత్త కాళ్ళ దగ్గర అరుగు మీద ఉన్న ఒక కుండని మాత్రం వేరుగా పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను.

కిటికీ దగ్గర పెట్టుకుని కాసేపు చూసింది.

"ఇదేటే, గటం కదా! పసుపు రాసి ఏపరొట్ట కట్టినారు."

"పెళ్ళి కుండ కాదా చిన్నమామ్మా?"

"పెళ్ళికి ఏపరొట్ట ఎందుకు కడతారే? ఇది అమ్మోరి గటం."

అప్పుడు మొత్తం ఫొటో ఇచ్చాను. వేలితో తడుముతూ మనుషుల్ని ఒక్కొక్కరినీ చెప్పుకుంటూ పోయింది. ఎడమ పక్క చివర, స్తంభానికి ఆనుకుని నిలబడ్డ నాలుగైదేళ్ళ పిల్లాడి దగ్గర వేలు ఆగింది. నున్నటి గుండు, మోకాళ్ళు దాటిన కొత్త చొక్కా.

"మీ నాన్నే. అమ్మోరు పోసింది కదా ఆ ఏడు. బతుకుతాడని ఎవులూ అనుకోలేదు."

మా నాన్న మొహం మీద స్పోటకం మచ్చలు ఉన్నాయి. చిన్నప్పుడు వేలు పెట్టి లెక్కపెట్టేదాన్ని. ఆయనకి అదంతా గుర్తు లేదు, "చిన్నప్పుడు అమ్మోరు పోసిందట" అని మాత్రం అంటారు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందు, మా ఊళ్ళో అది చేతికందిన పిల్లల్ని తీసుకుపోయే జబ్బే. చిన్నమామ్మ చెప్పింది: గుమ్మానికి వేపమండలు కట్టారట, ఇంట్లో తాలింపు వేయలేదట, మామ్మ రాత్రుళ్ళు నిద్రపోకుండా వేపాకులతో విసురుతూ కూర్చునేదట. గుంటడు లేచి తిరిగితే విజయనగరం పైడితల్లమ్మకి ఘటం తెస్తానని, గుండు చేయిస్తానని మొక్కుకుంది. పండగ నాటికి మామ్మ నడిచే స్థితిలో లేదు, మళ్ళీ నెలలు నిండుతున్నాయి. అందుకని అత్తవారింటి నుంచి అత్త వచ్చి తమ్ముడి కోసం ఘటం ఎత్తింది.

అమ్మవారి పండగ దసరా వెళ్ళాక వచ్చే సోమ, మంగళవారాల్లో. సోమవారం తొలేళ్ళు, ఆ రాత్రి ఘటాలు వస్తాయి, రైతులకి గుడి దగ్గర విత్తనాలు పంచుతారు. మంగళవారం సిరిమాను. చింతమాను చివర పూజారి కూర్చుని చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు, జనం అరటిపళ్ళు విసురుతారు. ఫొటోలో అరుగు చివర రెండు అరటి గెలలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవి పెళ్ళి గెలలు అనుకున్నారు మా వాళ్ళు. తొలేళ్ళ నాడు పొద్దున్నే, బండి కట్టేలోపు, విశాఖ పోర్టులో పని చేసే చుట్టం ఒకాయన తీశాడట ఆ ఫొటో.

వదినకి ఫోన్ చేసి చెప్పడం కష్టమైంది. "అయితే అమ్మ పెళ్ళి ఫొటోయే లేదన్నమాట," అని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ బాధ నాకు అర్థమైంది, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ హాల్లో ఉన్న పెద్ద ఫొటో సంగతి మాత్రం చెప్పాను. దాన్ని చేయించినప్పుడు జంట బాగా కనబడాలని రెండు పక్కలా కత్తిరించేశారు. ఆ కత్తిరింపులో పోయింది గోగునార, గోడ మీద తేదీ, మా నాన్న. ఏ పిల్లాడి కోసం అందరూ కొత్త బట్టలు కట్టుకుని నిలబడ్డారో ఆ పిల్లాడే ఫొటోలో లేకుండా పోయాడు. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపించింది, అలాగే అన్నాను.

వారం తిరక్కుండా వదినే ఫోన్ చేసి స్కాన్ పంపమంది. పుస్తకంలో ఇప్పుడు మొత్తం ఫొటో వచ్చింది, ఏ పక్కా కత్తిరించకుండా.

నాన్నకి చూపిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అప్ప నాకోసం ఎత్తిందా ఘటం?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత ఆ పండగకి నడిచిన దారి, బండి ఎద్దుల రంగు, ఏవేవో అడగడం మొదలుపెట్టారు. నాకు తెలియనివన్నీ చిన్నమామ్మని అడగమని నంబరు కలిపి ఇచ్చాను. ఇద్దరూ గంటకు పైగా మాట్లాడుకున్నారు.

అసలు ప్రింటు వెనక నేనేమీ రాయలేదు, పెన్ను గీత ముందు వైపు మొహాల మీద తేలుతుంది. కవరులో పెట్టి, కవరు మీద పెన్సిల్‌తో రాశాను: 1969, పైడితల్లమ్మ తొలేళ్ళ పొద్దున్న, నాన్న మొక్కు. కింద ఎడమ నుంచి కుడికి పేర్లు. నాన్న పక్కన అంచులో సగమే కనిపించే గాజుల చెయ్యి ఒకటి ఉంది. అది తనదేనని, తన పేరు కూడా రాయమని చిన్నమామ్మ మరీ మరీ చెప్పింది. రాశాను.