బోరు నీళ్లు తాగిన పాత క్యాంపర్

వనస్థలిపురం నుంచి నాచారంలోని మా ఫర్నిచర్ షెడ్డుకు నేను రోజూ వెళ్లివచ్చేది 2009 మోడల్ బొలెరో క్యాంపర్ పికప్ బండిలో. హైదరాబాద్‌లో ఇంత పాత డీజిల్ బండిని అన్నిటికంటే ముందు దెబ్బతీసేది వేడి అనీ, ఆ వేడికి కారణం చాలాసార్లు మనం రేడియేటర్‌లో పోసే నీళ్లేననీ నా గట్టి నమ్మకం. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ బండికి బాగుచేతను నేను ఇంజిన్‌తో కాకుండా రేడియేటర్‌తో మొదలుపెట్టాను.

మన నగరం గ్రానైట్ రాతి మీద ఉంది. చాలా కాలనీల్లో బోరు నీళ్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలతో గట్టిగా ఉంటాయి. ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి గారే ఇంజిన్ లోపలి నీటి దారుల్లోనూ పేరుకుంటుంది. రాణీగంజ్‌లో ఒక రేడియేటర్ మేస్త్రీ టంకాన్ని మంటతో కరిగించి పై ట్యాంకును విప్పినప్పుడు, లోపలి సన్నని గొట్టాల మూతులు సగానికి పైగా పూడిపోయి కనిపించాయి. ఆయన ఒక్కొక్క గొట్టంలోకి పల్చటి ఉక్కు పట్టీని దింపి లాగుతుంటే సున్నం పెచ్చుల్లాంటివి రాలి పళ్లెంలో పడ్డాయి. పాతకాలపు రాగి, ఇత్తడి రేడియేటర్ కాబట్టి ఈ పని కుదిరింది. ప్లాస్టిక్ ట్యాంకులు బిగించిన ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లు ఇలా పూడిపోతే సాధారణంగా మొత్తం మార్చవలసిందే. అప్పటి నుంచి బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌నే కూలెంట్‌తో సమపాళ్లలో కలిపి పోస్తున్నాను.

బండి వేడెక్కుతోందని చెబితే కొన్ని మెకానిక్ షెడ్లలో వెంటనే థర్మోస్టాట్‌ను తీసిపారేస్తారు. దీన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. అది 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని ఇంజిన్‌ను సరైన వేడిలో నిలిపే భాగం. అది లేకపోతే డిసెంబరు ఉదయాల్లో ఇంజిన్ చల్లగానే తిరుగుతూ డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదలా పెరుగుతుంది. రేడియేటర్ మూత కూడా చిన్న వస్తువేమీ కాదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీళ్లు దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూతలోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలిపి ఆ హద్దును వంద దాటిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఉప్పల్ కూడలిలో బండ్లన్నీ నత్తనడకన కదులుతున్నప్పుడు మంచి మూతకూ స్ప్రింగు సడలిన మూతకూ ఉన్న తేడా టెంపరేచర్ ముల్లులో స్పష్టంగా కనిపిస్తుంది.

తర్వాత కమాన్ కట్టలు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టాల స్ప్రింగులు, చూపించాను. పాత యజమాని ఎక్కువ బరువు మోయడానికి అదనంగా ఒక పట్టా వేయించి ఉంచారు. నా బండి చాలా రోజులు సగం ఖాళీగానే తిరుగుతుంది కాబట్టి, స్పీడ్ బ్రేకర్ల మీద వెనుక చక్రాలు ఎగరకుండా, వానలో రోడ్డును వదలకుండా ఉండాలని ఆ పట్టాను తీయించి, కట్టల చివర్లలో ఉండే బుష్‌లు కొత్తవి వేయించాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక దాన్ని రెండేళ్లకోసారి మార్పిస్తున్నాను. వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులుచేసి చేరిన నీటిని వంచేయడం నేనే చేసుకుంటాను. దానికి మేస్త్రీ అక్కర్లేదు.

మనకు సముద్రపు ఉప్పుగాలి లేదు కాబట్టి తుప్పు భయం కొంత తక్కువే. అయినా రబ్బరు మ్యాట్ల కింద నిలిచిన తేమ క్యాబిన్ నేలరేకును మెల్లగా తినేస్తుంది. టింకరింగ్ వాళ్లు త్వరగా పని ముగించడానికి తుప్పు మీదే పుట్టీ పూస్తామంటే ఒప్పుకోకండి. ఒకటి రెండు వానాకాలాల్లోనే అది ఉబ్బి ఊడిపోతుంది. నేను తినేసినంత మేర రేకు కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, పైన తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ పూత కొట్టించాను. బండి సరుకు రవాణా కింద రిజిస్టరైనది, పైగా ఎనిమిదేళ్లు దాటింది. కాబట్టి ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాలి. బాడీకి పూర్తి రంగు వచ్చే పరీక్షకు ముందు వేయిస్తాను.