ప్రాంప్టర్‌కి ఒక బొమ్మ

మా విజయనగరం నాటక సమాజం ఈసారి స్టేజీ దిగి రోడ్డు మీదకొచ్చిందండి, రిహార్సల్ షెడ్డు బయట ప్రాంప్టర్ బొమ్మ పెడుతున్నాం. హీరోలని అందరూ చూస్తారు, సైడ్ వింగ్‌లో నిలబడి డైలాగ్ అందించే మనిషిని ఎవరూ చూడరు కదా, అందుకే. ఇనప చువ్వలు వంచి, మెష్ చుట్టి, సిమెంటు మెత్తారు, వారం నుంచి తడి గోనెసంచులు కప్పి రోజూ నీళ్లు కొడుతున్నాం, నిన్న సంచి తీస్తే చేతిలో స్క్రిప్టు, పేజీ తిప్పబోతున్న బొటనవేలు కనిపించాయి, నాకు గొంతు పూడుకుపోయింది.

ఆ పక్కనే ఆదివారాలు కొత్తగా నాటకాలు రాసే పిల్లలతో కూర్చుంటున్నాం. రాసింది మా నటులు చదువుతారు, రాసినవాళ్లు ఊరికే వింటారు, అంతే. డిగ్రీ చదివే ఒకమ్మాయి 2 పేజీలు విని "ఇది మా అమ్మ మాట కాదు సార్, టీవీ మాట" అని తనే కొట్టేసి మళ్లీ రాసింది. కన్యాశుల్కం ఈ ఊళ్లోనే 1892లో మొదటిసారి ఆడారు, గురజాడ గారు దాన్ని మళ్లీ కూర్చుని దాదాపు కొత్తగా రాసింది 1909లో వచ్చింది, మధ్యలో 17 ఏళ్లు! ఈ సంగతి చెప్పాక పిల్లలకి కొట్టివేతలంటే భయం పోయింది. బొమ్మకి ముసుగు తీసే రోజు వాళ్ల నాటికలు అక్కడే, రోడ్డు మీదే ఆడతాం.